పసుపు వేలు, ఎర్ర లైటు

నాకు సైన్సు మీద కోపం లేదు. ముందే చెప్పి మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా "అయితే మీరూ పసరు మందు పార్టీయేనా మేడమ్" అని ఓ నవ్వు నవ్వుతున్నారు. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. చోడవరంలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకి ఎలక్ట్రోకెమిస్ట్రీ చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నాను. ఎలక్ట్రోడులూ కరెంటూ నాకు అత్తింటివాళ్ళ కంటే దగ్గర చుట్టాలు. నా కోపం వాటి మీద కాదు. వాటిని సంచిలో పెట్టుకుని మా వీధిలోకి వచ్చినవాళ్ళ మీద, వాళ్ళు వెళ్ళిపోయాక మా వీధిలో మిగిలినవాళ్ళ మీద.

మాది ఒకే ఆవరణలో రెండు వాటాల ఇల్లు. ఒక దాంట్లో నేనూ మా ఆయనా. రెండో దాంట్లో మా మరిది, అతని భార్య, మా అత్త. మధ్యలో నుయ్యి, గిన్నెలు తోమే బండ, బట్టలారేసే తీగ అందరివీ. తోటికోడలు నాకంటే చాలా చిన్నది. నన్ను అప్పా అంటుంది, అంటే అక్కా అని. మా వీధి చివరనున్న గవర్నమెంటు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఇంట్లో వండేటప్పుడు ఉప్పు చేతికొచ్చినంత వేస్తుంది గానీ బడిలో అలా కాదు. అక్కడి సాంబారు గురించి ఆమె మాట్లాడుతుంటే ఏదో పెద్ద ఆపరేషను గురించి డాక్టరు చెబుతున్నట్టు ఉంటుంది. ఇంట్లో వంకాయ ముట్టని పిల్లలు అక్కడ రెండోసారి అడిగి వేయించుకుంటారని ఆమెకి గర్వం. సాయంత్రం నుయ్యి దగ్గర కూర్చుని "ఇయ్యాళ ఫలానా గుంటడు మూడు మార్లు అన్నం ఏయించుకున్నాడప్పా" అని చెప్పుకునేది. ఆ మాట చెప్పేటప్పుడు ఉండే మొహం మళ్ళీ ఏ మాటకీ ఉండేది కాదు. ఆమెకున్నది ఆ ఒక్క గర్వమే. ఈ కథంతా దాని గురించే.

మార్గశిర మాసం. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు చెరకు ట్రాక్టర్లు వరసకట్టి పోయే రోజులు. రోడ్డంతా చెరకు ఆకులు, గాలి నిండా పాకం వాసన. ఆ రోజుల్లో సిటీ నుంచి ఒక ప్రొఫెసరు గారు, ఆయన దగ్గర రీసెర్చి చేసే ఒక అమ్మాయి, ఒక కొత్త యంత్రం తీసుకుని బడికి వచ్చారు. హెపటైటిస్ బి వైరస్ ఉందో లేదో వేలి రక్తంతో అక్కడికక్కడే చెప్పే యంత్రం. మా ఊళ్ళో కామెర్లు ఎక్కువని ఎవరో చెప్పారట, అందుకని ఇక్కడ ప్రయోగించి చూద్దామని. కాలేజీకి సెలవు పెట్టి మరీ వెళ్ళాను. పాఠంలో చెప్పే సంగతి మా వీధి బడి వరండాలోకి నడిచి వస్తే చూడకుండా ఉండగలనా.

యంత్రం ముచ్చటగానే ఉంది. అరచేతిలో పట్టేంత డబ్బా, షుగర్ చూసుకునే మిషను లాంటిదే. అందులో దూర్చే సన్నటి పట్టీ, ఆ పట్టీ మీద ఆవగింజంత బంగారపు చుక్క. ఆ చుక్క మీద ఉంది అసలు విద్య. డీఎన్ఏ అంటే రెండు పేటలు జంటగా ఉంటుంది కదా. రవిక ముందు భాగం అనుకోండి, ఒక అంచున హుక్కులు, రెండో అంచున కాజాలు. ఈ బంగారపు చుక్క మీద హుక్కుల అంచు ఒక్కటే అంటించి ఉంచుతారు. దానికి సరిగ్గా పట్టే కాజాలు ఆ వైరస్ డీఎన్ఏకి మాత్రమే ఉంటాయి. రక్తంలో వైరస్ ఉంటే దాని అంచు వచ్చి ఈ అంచుకి బిగుసుకుంటుంది. అలా బిగిసిన చోట మాత్రమే ఇరుక్కుని కూర్చునే ఒక రసాయనం ఉంటుంది. డబ్బా కాస్త ఓల్టేజి ఇవ్వగానే అది ఎలక్ట్రాన్లు వదులుతుంది, మీటరు కదులుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది. వైరస్ లేకపోతే ఆకుపచ్చ లైటు. మనిషి తెలివికి నేను దండం పెట్టే సందర్భాలు తక్కువ. అది చూసి మనసులోనే దండం పెట్టాను.

దండం పెట్టి ఊరుకోవడం నా ఒంట్లో లేదు కాబట్టి ఒక ప్రశ్న వేశాను.

"సార్, ఖాళీ పట్టీ ఏది?"

"అంటే మేడమ్?"

"ఏ వైరస్‌కీ పట్టని హుక్కులున్న పట్టీ. అదే రక్తం దాని మీదా వేస్తే పచ్చ రావాలి. దాని మీద కూడా ఎర్ర వస్తే మీ డబ్బా ఇంకేదో చూసి వైరస్ అనుకుంటోందని తెలుస్తుంది."

ఆయన నవ్వాడు. తెలివైన పిల్లని చూసి నవ్వే నవ్వు. నా వయసుకి ఆ నవ్వు అవసరమా.

"అదంతా ల్యాబ్‌లో చేసేశాం మేడమ్. ఫీల్డ్‌లో ప్రతి మనిషికీ రెండేసి పట్టీలు అంటే ప్రాక్టికల్ కాదు. మాది చాలా స్పెసిఫిక్ సెన్సర్."

హెడ్మాస్టరు గారు పక్కనుంచి "మా మేడమ్ గారు ఎప్పుడూ ఇంతేనండి, పంపులో నీళ్ళొచ్చినా ఎక్కడినుంచొచ్చాయని అడుగుతారు" అన్నాడు. అందరూ నవ్వారు. సరే, నవ్వుకోండి అని బెంచీ మీద కూర్చున్నాను.

మా తోటికోడలు వంట ముగించి, చేతులు కడుక్కుని వచ్చి వరసలో నిలబడింది. ఆ రీసెర్చి అమ్మాయి ఆమె వేలు స్పిరిట్ దూదితో తుడిచింది, సూదితో గుచ్చింది, రక్తపు బొట్టు చిన్న గొట్టంలోకి తీసింది. దాన్ని కాసేపు వేడి చేసి పట్టీ మీద వేసింది. టీ తాగేంతసేపు పట్టింది. తర్వాత ఎర్ర లైటు వెలిగింది.

డబ్బా బల్ల మధ్యలో ఉంది. బల్ల చుట్టూ వీధి వీధంతా ఉంది. మనిషికి జబ్బుందో లేదో చెప్పే లైటుని పెళ్ళి పందిట్లో సీరియల్ బల్బులాగా నడిబల్ల మీద పెట్టాలని ఆ పెద్దమనిషికి ఎలా తోచిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ అమ్మాయి చేత్తో లైటు మూయబోయింది గానీ అప్పటికే చూడాల్సినవాళ్ళందరూ చూసేశారు.

"ఏటది? ఎర్రగా ఎలిగిందేటి?" అన్నారు ఎవరో.

"కామెర్ల పురుగున్నట్టే."

"మరి పిల్లలకి వండుతాది కదా."

ఆ మూడో మాటతో మా తోటికోడలి వంటపని పోయింది. ప్రొఫెసరు గారు "కంగారు పడకండి, ఇది స్క్రీనింగ్ మాత్రమే, కన్ఫర్మ్ చేసుకోవాలి" అంటూనే ఉన్నాడు. ఆ ముక్క ఇంగ్లీషులో ఉంది. లైటు అందరి భాషలో ఉంది.

ఆ రోజు ఇంకా కొంతమంది ఆడవాళ్ళకి ఎర్ర లైటే వచ్చింది. వాళ్ళు తలవంచుకుని ఇళ్ళకి పోయారు. వాళ్ళలో ఒకామె మర్నాడే పసరు మందు పోయించుకోవడానికి బుచ్చయ్యపేట వైపు ఆటో కట్టించుకుని వెళ్ళింది, ఉప్పూ నూనే మానేసింది. వాళ్ళవి వాళ్ళ ఇంటి గోడల మధ్య ఉండిపోయాయి. మా తోటికోడలిది బడంతటికీ పట్టింది.

హెడ్మాస్టరు గారు చాలా మర్యాదస్తుడు. "కొన్నాళ్ళు రెస్ట్ తీసుకోమ్మా" అన్నాడు. ఆ మర్నాడే పక్క వీధి నుంచి ఇంకో మనిషి వచ్చి పొయ్యి వెలిగించింది. నేను బడికి వెళ్ళాను.

"సారూ, హెపటైటిస్ బి అన్నం వల్ల రాదు. రక్తం వల్ల వస్తుంది, సూదుల వల్ల వస్తుంది, తల్లినుంచి పుట్టే బిడ్డకి వస్తుంది. నిజంగా ఆమెకి ఉన్నా సరే, ఆమె వండిన సాంబారులోంచి మీ పిల్లలకి ఎక్కదు. మీరు సైన్సు టీచరే కదా."

"నాకు తెలుసు మేడమ్ గారూ. నాకు తెలియదా. కానీ తల్లిదండ్రులు వింటారా?"

"వినేట్టు మీరు చెప్పారా?"

"చెప్పినా వినరు కదా అని."

చెప్పకుండానే వినరని తేల్చుకున్న మనిషితో ఇంకేం వాదించను. అయినా వాదించాను. గంట కొట్టేదాకా వాదించాను. గంట కొట్టగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

ఇంట్లో మా అత్త ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒక స్టీలు గ్లాసు అడుగున ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టింది. అది చిన్నకోడలి గ్లాసు. పళ్ళెం విడిగా, చెంబు విడిగా. గోళ్ళరంగు ఎక్కడిదో తెలుసా, ఆ కోడలిదే. నేను ఆ గ్లాసు పట్టుకుని వాటా మధ్యలో నిలబడి అరిచాను.

"అత్తా, దీనివల్ల జబ్బు అంటుకోదు. ఎన్ని మార్లు చెప్పాలి?"

"మరి ఎర్రగా ఎందుకెలిగిందే?"

"అది మిషను."

"మిషనే కదా. నువ్వు అబద్దం ఆడొచ్చు, నేను ఆడొచ్చు, మిషను ఎందుకాడుతాది?"

మా మరిది వాకిట్లో చెప్పులు వెతుక్కుంటూ ఉండిపోయాడు. రెండు చెప్పులూ కాళ్ళకే ఉన్నాయి.

నాకు ఎక్కువ మంట తోటికోడలి మీద. నేను ఆమె పక్షాన ఊరంతటితో జుట్టూ జుట్టూ పట్టుకుంటుంటే ఆమె ఆ చుక్క గ్లాసులో నీళ్ళు తాగి, తోమి, విడిగా బోర్లించి పెట్టేది. "ఒసే, నీకు రోషం లేదేటే" అన్నాను ఒకరోజు, కావాలనే ఆమె భాషలో. "ఉన్నాదప్పా. ఉండి ఏటి సేస్తాను" అంది. మధ్యాహ్నం బడి గంట కొడితే మాత్రం చేస్తున్న పని ఆపేసి అటు చూసేది. పిల్లలు పళ్ళేలు పట్టుకుని పరిగెత్తే చప్పుడు మా ఇంటిదాకా వస్తుంది.

ఆమెని అనకాపల్లి తీసుకెళ్ళి మంచి ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించాను. అన్ని చోట్లా చేసే మామూలు పరీక్ష. లేదు అని వచ్చింది. వైరస్ గుర్తే లేదు. ఆ కాగితం పట్టుకుని బస్సు దిగి తిన్నగా బడికే వెళ్ళాం. హెడ్మాస్టరు గారు కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని చదివాడు.

"మంచిదే మేడమ్ గారూ. కానీ ఇది పాత పద్ధతి కదా. అది కొత్త మిషను. బంగారంతో చేసిందట. జనం దాన్నే నమ్ముతారు."

ఆ బల్ల మీద గ్లోబు ఉంది. దాన్ని ఎత్తి ఆయన నెత్తిన వేయనందుకు నన్ను నేను మెచ్చుకున్నాను.

అసలు సంగతి బయటపడింది నుయ్యి దగ్గర. తోటికోడలు గిన్నెలు తోముతోంది. నేను ప్రొఫెసరుని తిడుతున్నాను. తిట్టి తిట్టి అలిసిపోయి, "ఆ కాగితం చూశాకైనా నీకు లేదని నీకు నమ్మకం కలిగిందా" అని అడిగాను. ఆమె బూడిద చేత్తోనే మొహం తుడుచుకుంది.

"లేదంటే ఎలాగప్పా. నాకప్పుడే తెలిసిపోనాది. లైటు ఎలగకముందే."

"ఏమిటి తెలిసింది?"

"ఆ గుంట నా ఏలు దూదితో తుడిసింది కదా. దూది పసుప్పచ్చగా అయిపోనాది. పారేసి ఇంకోటి తీసింది. అదీ పచ్చగే. నా ఒంట్లో కామెర్లు ఉన్నాయి కాబట్టే దూదికి దిగిందనుకున్నాను. ఇంక లైటెందుకు."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఒళ్ళు మండింది.

మిషను వచ్చిన రోజు లక్ష్మివారం, అంటే గురువారం. మార్గశిర లక్ష్మివారం. మా వైపు ఆడవాళ్ళు ఆ రోజు తెల్లారకముందే తలంట్లు పోసుకుని, కాళ్ళకీ చేతులకీ మొహానికీ పసుపు పట్టించి, గడపలకి పసుపు రాసి, అమ్మవారికి పూజ చేసి గానీ మంచినీళ్ళు ముట్టరు. చేతులు ఎన్నిసార్లు కడిగినా పసుపు గోళ్ళ సందుల్లో, వేలి గీతల్లో ఉండిపోతుంది. నీళ్ళకి పోదు. స్పిరిట్‌కి పోతుంది. పోవడమంటే కరిగి ఎక్కడికో మాయమవదు కదా. దూదికి అంటగా మిగిలింది వేలి మీద తడిలో ఉంటుంది. ఆ తడిలోనే సూది గుచ్చితే రక్తపు బొట్టుతో పాటు గొట్టంలోకి దిగుతుంది. పసుపులో ఉన్న పదార్థం ఎలక్ట్రోడు మీద పడి ఓల్టేజి తగిలితే అది కూడా ఎలక్ట్రాన్లు వదులుతుంది. డబ్బాకి ఎన్ని వచ్చాయో తెలుస్తుంది, ఎవరు వదిలారో తెలియదు. 

లేచి లోపలికెళ్ళి ఆ రోజు ఎర్ర లైటు వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ తలుచుకున్నాను. అందరూ ఆడవాళ్ళే. అందరూ పూజ చేసుకుని వచ్చినవాళ్ళే. మగవాళ్ళలో ఒక్కడికీ ఎర్ర రాలేదు. చర్చి వీధి నుంచి వచ్చిన ఆడవాళ్ళలో ఒక్కరికీ రాలేదు. వాళ్ళు లక్ష్మివారం పసుపు రాసుకోరు. వైరస్‌కి ఇంత మతపట్టింపు ఉంటుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ప్రొఫెసరు గారికి ఫోను చేశాను.

"మేడమ్, మీ ఆవేదన నాకు అర్థమైంది. కానీ మాది వెరీ స్పెసిఫిక్..."

"హుక్కులు స్పెసిఫిక్కే సార్. మీటరు కాదు. మీ డబ్బా మా ఆడవాళ్ళ ఒంట్లో వైరస్ చూడలేదు. వాళ్ళ వంటింటి డబ్బాలో పసుపు చూసింది."

"అదొక పాసిబిలిటీ. కానీ ప్రోటోకాల్ ప్రకారం వేలు స్పిరిట్‌తో క్లీన్ చేశాం కదా."

"అందుకే వచ్చింది సార్. సబ్బుతో కడిగించి ఉంటే ఇంత ఉండేది కాదు. మీది ఏ ఊరు?"

"వైజాగే మేడమ్. ఎందుకు?"

"మార్గశిర లక్ష్మివారం పొద్దున్న మీ ఇంట్లో ఆడవాళ్ళ చేతులు ఏ రంగులో ఉంటాయి?"

ఆయన ఫోను పెట్టేశాడు. నాకు కోపం తలకెక్కింది అక్కడే. అమెరికా నుంచి వచ్చినవాడైతే పోనీలే పాపం తెలియదు అనుకునేదాన్ని. ఆ పొద్దున్న పసుపు చేతులతో పెట్టిన ఇడ్లీ తిని, పసుపు రాసిన గడప దాటి కారెక్కి మా ఊరు వచ్చాడు ఈయన. మరి అవి ఏ చేతులనుకున్నాడు? ల్యాబ్‌లో రబ్బరు తొడుగుల చేతులే ప్రపంచంలో ఉంటాయనుకున్నాడా?

ఆయన మళ్ళీ ఫోను చేయలేదు. ఆ రీసెర్చి అమ్మాయి చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"మేడమ్, మీరు సార్‌తో అన్నది విన్నాను. నా వేలికే పసుపు రాసుకుని, కడుక్కుని, స్పిరిట్‌తో తుడుచుకుని చేశాను. ఎర్ర వచ్చింది. ఖాళీ పట్టీ మీద కూడా ఎర్రే. సార్‌కి చూపించాను."

"ఏమన్నారు?"

"కాసేపు బయటికెళ్ళి వచ్చారు."

తర్వాత ప్రొఫెసరు గారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. హెడ్మాస్టరుకి ఒక ఉత్తరం రాస్తానన్నాడు. గౌరవంగా, విషయం వివరంగా.

"ఉత్తరం వద్దు సార్. ఎర్ర లైటు ఉత్తరంలో వెలగలేదు కదా, అందరి ముందూ వెలిగింది. మీరే రండి. అదే వరండా, అదే బల్ల. వచ్చే లక్ష్మివారం."

"లక్ష్మివారమే కావాలా మేడమ్?"

"లక్ష్మివారమే."

వచ్చాడు. ఆ ఒక్క సంగతికి ఆయనకి మార్కులు వేస్తాను, అంతకంటే ఎక్కువ వేయను. వీధంతా మళ్ళీ చేరింది. మొదటిసారి కంటే ఎక్కువమందే, ఎవరికి ఎర్ర వెలుగుతుందో చూద్దామని. మా అత్త కూడా తలుపు వేసి వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది. తోటికోడలు వరండా ఎక్కలేదు. గేటు దగ్గరే ఉండిపోయింది.

నేను పసుపు గిన్నె పట్టుకుని హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను.

"సారూ, మీ ఎడమ చెయ్యి ఇవ్వండి."

"నాదెందుకు మేడమ్ గారూ?"

"కొత్త మిషను కదా. బంగారంతో చేసింది. మీరు నమ్మారు కదా."

జనం చూస్తున్నారు. ఇవ్వక తప్పలేదు. ఆయన వేలికి పసుపు పట్టించాను, మా ఆడవాళ్ళు పట్టించుకున్నట్టే. ఆరనిచ్చి, నీళ్ళతో కడిగించాను. ఆ అమ్మాయి స్పిరిట్ దూదితో తుడిచింది. దూది పచ్చబడింది. "సూసేరా, సారుకి కామెర్లు దిగతన్నాయి" అంది వెనకనుంచి ఓ ముసలామె, పాపం నిజంగానే. సూది గుచ్చారు, రక్తం తీశారు. టీ తాగేంతసేపు ఎవరూ టీ తాగలేదు.

ఎర్ర లైటు వెలిగింది.

హెడ్మాస్టరు గారి మొహం చూడాలి. ఆయనకి విషయం ముందే చెప్పాం, వివరంగా చెప్పాం. అయినా ఆ లైటు చూడగానే మనిషి నీరుగారిపోయాడు. తెలిసీ ఆయనకలా ఉంటే, ఏమీ తెలియని మా తోటికోడలికి ఎలా ఉండి ఉంటుంది?

"ఏటి సారూ, రేపట్నుంచి మీకూ రెస్టేనా?" అన్నాడు ట్రాక్టరు ఆపి చూస్తున్న ఒకతను. వరండా అంతా నవ్వు.

తర్వాత ఆయన కుడి చేతిని సబ్బుతో బాగా కడిగించి, అదే డబ్బాలో ఇంకో పట్టీతో చేశారు. పచ్చ. ఒకే మనిషి, రెండు వేళ్ళు, రెండు లైట్లు. దీనికంటే నేను చెప్పాల్సిన పాఠం లేదు. అయినా ప్రొఫెసరు గారు లేచి నిలబడ్డాడు.

"అంటే, ఇది ఇంటర్‌ఫియరెన్స్ వల్ల..."

"తెలుగులో చెప్పండి సార్."

"ఒక సాంకేతిక కారణం వల్ల..."

"అది తెలుగు కాదు."

ఆయన నన్ను చూశాడు, డబ్బాని చూశాడు, గేటు దగ్గర నిలబడ్డ మా తోటికోడలిని చూశాడు.

"ఆ రోజు ఎర్ర లైటు వచ్చినవాళ్ళకి జబ్బుందని కాదు. మేం పసుపు సంగతి చూసుకోలేదు. తప్పు మాది" అన్నాడు. గొంతు పెద్దగా లేదు గానీ అందరికీ వినబడింది. వాళ్ళందరికీ మామూలు రక్తపరీక్ష తామే చేయిస్తామని కూడా చెప్పాడు. పసరు తాగొచ్చినామె "నా ఉప్పు నాకు తెచ్చియ్యండి" అని గొణిగింది.

వెళ్ళేటప్పుడు కారు దగ్గర నాతో ఇది చాలా విలువైన విషయం మేడమ్, మా పేపర్లో ఒక వాక్యం తప్పకుండా పెడతాం అన్నాడు. ఒక వాక్యం. మా పిల్ల బడి గంట విని చెయ్యి ఆపేసి కూర్చున్న మధ్యాహ్నాలన్నీ కలిపి ఒక వాక్యం. "పెట్టండి. దాంతోపాటు ఆ లైటు పీకేయండి. ఫలితం మనిషి చెవిలో చెప్పండి, వీధికి చెప్పకండి" అన్నాను. లైటు ఉంటే చూసేవాళ్ళకి ఆకర్షణగా ఉంటుందని ఆయన నసిగాడు. చేతులు సబ్బుతో కడిగించడానికి ఒప్పుకున్నాడు, ఖాళీ పట్టీకి ఒప్పుకున్నాడు, లైటు దగ్గర మాత్రం ఆలోచిస్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నట్టున్నాడు.

జనం పలచబడ్డాక హెడ్మాస్టరు గారు గేటు దగ్గరికి నడిచాడు. వేలికి ఇంకా దూది నొక్కుకుని ఉన్నాడు.

"రేపట్నుంచి వచ్చేయమ్మా."

నేను వెనకే ఉన్నాను. ఆమె తలూపుతుందనే అనుకున్నాను. తలూపితే నాకు మళ్ళీ మండేది.

"వస్తాను సారూ" అంది. "మరి పిల్లలకి ఒడ్డించక ముందర మీరు రుసి సూడాలని రూలున్నాది కదా."

"ఉంది కదమ్మా. రోజూ చూస్తాను కదా."

"సెంచాతో సూస్తారు. రేపు పళ్ళెంలో తినండి. పిల్లల మజ్జిన కూకుని తినండి. అప్పుడు నేను వండుతాను."

ఆయన నా వైపు తిరిగాడు, నేనే నేర్పానన్నట్టు. నేను నేర్పలేదు. నాకు తట్టనే లేదు.

మర్నాడు మొదటి పీరియడ్ తర్వాత కాలేజీలో ఏదో వంక చెప్పి వచ్చేశాను. బడి వరండాలో పిల్లలు వరసల్లో కూర్చున్నారు. హెడ్మాస్టరు గారు ప్యాంటు మడతలు చూసుకుంటూ నేల మీద, పిల్లల మధ్య కూర్చున్నాడు. తోటికోడలు గంప పట్టుకుని వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. చేతులకి పసుపు లేదు, ఆ రోజు శుక్రవారమే అయినా. అది చూసి నాకు కష్టమనిపించింది. ఏ తప్పూ లేని పసుపుని ఆమె మానేయాల్సి వచ్చిందా అని.

అన్నం పెట్టింది. సాంబారు పోసింది. గుడ్డు వేసింది. పిల్లలు చేతులు కదపకుండా ఆయన నోటి వైపే చూస్తున్నారు. ఆయన కలిపాడు, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండోది. మూడో ముద్దకి మొహం మామూలైంది. ఆకలి మనిషిది కదా.

"ఇంకొంచెం ఎయ్యమంటారా సారూ?"

"చాలమ్మా."

"ఎంత తిన్నారని" అని ఇంకో గరిటెడు వేసింది. ఆయన తిన్నాడు. ఆ తర్వాతే పిల్లల పళ్ళేల వైపు తిరిగింది.

ఇంటికొచ్చేసరికి మా అత్త గడపలో కూర్చుని ఉంది.

"తిన్నాడా?" అంది.

"తిన్నాడు."

"మారు ఏయించుకున్నాడా?"

"వేయించుకున్నాడు."

ఆవిడ లేచింది. లోపలికెళ్ళి టీ పెట్టుకుని వచ్చింది. చిన్నకోడలి చుక్క గ్లాసులోనే పోసుకుంది. ఎత్తి తాగుతుంటే అడుగున గోళ్ళరంగు నాకు కనబడుతూనే ఉంది. నాకు అది చాలదు. ఒక మాట కావాలి.

"అత్తా, అది వచ్చాక దానితో ఒక మాట చెప్పు."

ఆవిడ ఇంకో గుక్క తాగింది.

"ఏటి సెప్పాలే? తాగతన్నాను కదేటి."